దుర్గాసాయి తీసిన ఆకాశం

ఆ మంగళవారం పొద్దున్న సువర్ణ అనుకున్న పనుల్లో భయపడవలసింది ఏమీ లేదు. పచ్చిశనగపప్పు ఉడకబెట్టాలి, బెల్లం కొట్టాలి, మధ్యాహ్నానికి పూర్ణం రుబ్బి ఉండలు చేసుకోవాలి, సాయంత్రం కేశవరావుగారు గుమ్మంలో అడుగుపెట్టే వేళకి వేడివేడిగా పూర్ణాలు వేయాలి. అంతే. అయితే చెడ్డరోజు ఎప్పుడూ చెడ్డమొహం పెట్టుకుని రాదు. మంచిరోజులాగే తలంటుకుని, బొట్టు పెట్టుకుని వస్తుంది. ఈ సంగతి బాగా తెలిసిన మనిషి కాబట్టి సువర్ణ పెరటిపొయ్యిలోకి కొబ్బరిడొక్కలు ఎగదోస్తూనే, పప్పు మరీ మెత్తబడిపోతుందేమోనని, కేశవరావుగారికి షుగరుందేమోనని, ఆయన్ని తీసుకురావడానికి కొత్తపేట వెళ్ళిన కొడుకు మోపెడ్‌కి కాలవగట్టు మీద గేదె అడ్డం వచ్చిందేమోనని వరసగా బెంగపెట్టుకుంది.

కొడుకు దుర్గాసాయికి డిగ్రీ అయిపోయి, ఫోటోల పిచ్చి పట్టుకుంది. పాత కెమేరా ఒకటి సంపాదించి చేల వెంట, కాలవల వెంట, లంకల వెంట తిరుగుతుంటాడు. తండ్రి గంగాధరరావు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కార్తీకమాసం మొదట్లోనే ఒక్కమాటగా చెప్పేశాడు. "ఈ నెల వెళ్ళేలోగా ఫోటోలకి ఏదైనా దారి కనపడిందా, అమలాపురంలో స్టూడియోకి గది చూసిపెడతాను. కనపడలేదా, రాయవరంలో మీ మావయ్య రైసుమిల్లులో కూచో."

రైసుమిల్లు అనగానే సువర్ణ కళ్ళకి బెల్టు కనపడింది. బెల్టులో చిక్కుకున్న చొక్కా కనపడింది. ఫోటోలంటే పాములు, బురద, ఎండ. మిల్లంటే బెల్టు. రెండు భయాల్లో కళ్ళెదురుగా ఉండే భయమే కాస్త నయమనిపించి, ఆమె కొడుకు పక్షాన నిలబడింది.

దారి కేశవరావుగారి రూపంలో కనపడింది. ఆయనది కొత్తపేటలో ఎరువుల దుకాణం. ప్రతి ఏడూ కేలండరు వేయించి రైతులకి పంచుతాడు. ఈసారి దేవుళ్ళూ పసిపాపలూ వద్దు, కోనసీమ చేను కావాలన్నాడు. "కానీ ఆకాశం గట్టిగా ఉండాలబ్బాయ్. వట్టి నీలంగా ఉంటే ఎవడు చూస్తాడు? ఎవరింటికెళ్ళినా పైన ఉండేదే కదా," అన్నాడు. ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చి ఫోటో చూసి మాట ఇస్తాడు.

గట్టి ఆకాశం కోసం దుర్గాసాయి మద్రాసు నించి ఒక చదరపు గాజుముక్క తెప్పించాడు. దాని పైసగం నారింజరంగు, కింది సగం మామూలు గాజు. కెమేరా ముందు తగిలిస్తే చేను చేనులాగే ఉంటుంది, ఆకాశం మాత్రం రంగు తిరుగుతుంది. ఇదంతా తల్లికి విప్పి చెప్పడానికి బద్ధకించి, "మామూలు కంటికి కనపడని ఆకాశం దీంట్లో బయటికొస్తుందమ్మా," అనేసి వెళ్ళిపోయాడు. అర్థమైన మాట మనిషి మర్చిపోతాడు. అర్థం కాని మాటే గుర్తుండిపోతుంది. సువర్ణకి అది బాగా గుర్తుండిపోయింది.

వీధితలుపు చప్పుడైంది. సువర్ణ గబుక్కున లేచింది. ఇన్సూరెన్సు ఏజెంటు ప్రకాశరావు అయివుంటాడనుకుని స్తంభం చాటుకి తప్పుకుంది. పాపం ఆయన మంచివాడే. కానీ వచ్చి కూచుని, "మనిషన్నాక రేపు ఏమవుతుందో తెలీదు కదండీ," అని మొదలుపెడతాడు. అసలే ఆ ఆలోచనలతోనే బతికే సువర్ణకి దాన్ని ఇంకొకరి నోట వినే ఓపిక లేదు. ఊళ్ళో మిగతావాళ్ళకీ లేదు. ఆయన వస్తుంటే తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి.

వచ్చింది ప్రకాశరావు కాదు, రూతు టీచరు. రోజూ అమలాపురం నించి బస్సులో వచ్చి ఇక్కడి బళ్ళో పాఠాలు చెబుతుంది. ఆమె తమ్ముడు ప్రవీణ్ కుమార్‌కి అమలాపురంలో స్టూడియో ఉంది. అందులోకి ఈమధ్యే కంప్యూటరు దిగింది.

"మీ అబ్బాయిగారి ఫోటో అండీ. మా తమ్ముడు రాత్రే పూర్తిచేసేడు. మీ చేతికే ఇమ్మన్నాడండి."

"ఎప్పుడు తీసిందండీ ఇది?"

"మొన్న ఆదివారం సాయంత్రం తీసిందంటండీ. బడిగంట కొట్టేస్తున్నారు, వస్తానండీ," అని రూతు టీచరు కవరు చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

సువర్ణ చెయ్యి తుడుచుకుని కవరు విప్పింది. తమ చేనే. బంగారంలా పండిన వరి, గట్టుమీద తమ గేదె, వెనక దొరబాబుగారి కొబ్బరితోట. ఇంతవరకూ బాగానే ఉంది. తోట పైన మొదలైంది. ఆకాశం రాగిచెంబు లోపలివైపులా ఎర్రగా ఉంది. ఆ ఎరుపులోకి నల్లటి మబ్బొకటి పొట్ట వేలాడేసుకుని దిగుతోంది.

ఆమె తల ఎత్తి పైకి చూసింది. మచ్చలేని నీలం. ఆదివారం తను మిరపకాయలు ఎండబెట్టింది. ఆరోజూ మచ్చలేదు. మరి ఇదెక్కడిది?

అప్పుడు గుర్తొచ్చాయి రెండు సంగతులు. ఒకటి, కొడుకన్న మాట. రెండోది, పెద్దబావగారి ఎక్స్‌రే. ఆయనకి పైకి ఏమీ లేదు. దుక్కలా ఉండేవాడు. ఎక్స్‌రే తీస్తే లోపల మచ్చ కనపడింది. కంటికి కనపడకపోతే లేనట్టా? ఆకాశానికి మాత్రం లోపల అంటూ ఉండదా? పైకి నీలంగా, ఆరోగ్యంగా కనపడుతోంది. వీడు గాజు అడ్డం పెట్టి తీసేసరికి అసలు రోగం బయటపడింది! నాలుగేళ్ళ కిందట తుఫాను కొట్టిన రోజు కూడా పొద్దున్న ఎండ కాయలేదూ?

దొరబాబు భార్య, పక్కింటి సూర్యకాంతం దడిమీంచి తొంగిచూసింది. "ఏంటొదినా, అలా నిలబడిపోయేవు? పప్పు అడుగంటుతున్న వాసనొస్తంది."

"పప్పుదేముందిలే కాంతం. మనమే అడుగంటేలా ఉన్నాం. ఇలా వచ్చి ఇది చూడు. ఆదివారం నాటి ఆకాశం. మనకి కనపళ్ళేదు, కెమేరాకి కనపడింది."

సూర్యకాంతం పుట్టిల్లు మామిడికుదురు దగ్గర. ఆ పక్క గ్యాసు బావి అంటుకుని మండిన రోజుల్లో ఆమె పురిటికి అక్కడే ఉంది. రాత్రి పగలులా వెలుగుతుంటే పిల్లని నిద్రపుచ్చలేక ఏడ్చిన మనిషి. ఫోటో చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఇది మబ్బు కాదొదినా. గ్యాసు. అచ్చం ఇదే ఎరుపు. ఇది పొగ. అదిగో, మా కొబ్బరిచెట్ల తలలు చూడు, మాడిపోయేయి!"

నిజమే. గాజులోని నారింజసగం చెట్ల తలలమీదికి కూడా దిగడం వల్ల మట్టలు బూడిదరంగుకి తిరిగాయి. ఆ సంగతి వాళ్ళకి తెలీదు.

"మీ చెట్లు పచ్చగానే ఉన్నాయి కదే, ఇక్కణ్ణించి కనపడుతుంటే?"

"ఇంకా మాడలేదొదినా. మాడతాయి. ఫోటోకి ముందు తెలిసింది. ముందు ఆ పొయ్యి ఆర్పు తల్లీ, నేల కింద గ్యాసు ఎక్కడెక్కడ ఊరుతోందో ఏమో!" అంటూ, సువర్ణ ఔనూ కాదూ అనేలోపు బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచింది. సగం ఉడికిన పప్పు మీద దుమ్ములా కూచుంది.

ఆ చప్పుడికి ఎదురింటి పెద్దింట్లమ్మ మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఫోటో తీసుకుని ముందు దూరంగా పెట్టి చూసింది, తరవాత ముక్కుకి ఆనించుకుని చూసింది.

"గ్యాసా నీ మొహమా. ఈ మబ్బు నాకు తెలుసే. ఆ ఏడు మా తాటాకిల్లు ఎగరేసుకుపోయింది ఇదే. ఆ ఎడంపక్క చూడు, ఏనుగు కూచున్నట్టు ఉబ్బు. ఇల్లు తీసుకుపోయినవాడి మొహం ఎవరన్నా మర్చిపోతారా?"

"అదేంటి మామ్మగారూ, పోయిన మబ్బు మళ్ళీ అదే వస్తుందాండీ?" అంది సూర్యకాంతం.

"దారి తెలిసినవాళ్ళే మళ్ళీ వస్తారు," అంది మామ్మ.

సూర్యకాంతం ఫోటో మీదికి ఇంకాస్త వంగింది. మామ్మ వేలు గేదె మీదికి జరిగింది. "గేదెని చూసేరా? మెడ ఎత్తి పైకే చూస్తోంది. నోరులేని జీవాలకి ముందు తెలుస్తుందర్రా."

ఎప్పుడూ నేల తప్ప మరోటి చూడని తమ గేదె ఫోటోలో నిజంగానే ఆకాశంకేసి చూస్తోంది. సువర్ణ పొయ్యిగట్టు మీదే కూలబడిపోయింది. ఇంతమంది పొరపాటు పడవచ్చుగానీ, గేదె పొరపాటు పడదు.

కబురు పీటలు వేసుకుని కూచోదు. పూట గడవకముందే ఊరు రెండు పక్షాలైంది. ఎరుపు చూసినవాళ్ళు గ్యాసన్నారు. నలుపు చూసినవాళ్ళు తుఫానన్నారు. గ్యాసు పక్షానికి సూర్యకాంతం పెద్ద. ఆడవాళ్ళని పోగేసి, తలో బిందె పట్టించి, ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు, దీపాలు, ఆఖరికి చిన్న అగరొత్తులు కూడా ఆర్పించింది. తుఫాను పక్షానికి ఆమె మొగుడు దొరబాబు పెద్ద. ఆ ఏడు గాలికి తోటంతా పోయి, మళ్ళీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్న మనిషి. ఫోటోని అరనిమిషం చూసి, దింపు కూలీలని కేకేశాడు.

"కాయలన్నీ దింపేయండ్రా. ముదురూ లేతా చూడొద్దు. గాలికిచ్చుకునేకంటే మనమే దింపుకుందాం."

దొరబాబు దింపిస్తున్నాడంటే ఏదో తెలిసే దింపిస్తున్నాడని పక్కతోటవాళ్ళు దింపించారు. వాళ్ళని చూసి వాళ్ళ పక్కవాళ్ళు. ఊళ్ళో రోడ్డు రోడ్డంతా కాయలు దొర్లాయి. కాయలు దింపించి ఊరుకోక, దొరబాబు వీధిలో రాళ్ళు పేర్చి పెద్దగుండిగ ఎక్కించాడు. ఆ ఏడు బళ్ళో తలదాచుకున్న జనం పస్తులున్నారు. ఈసారి అలా జరగనివ్వనని పంతం. మంట రాజుకుందో లేదో సూర్యకాంతం బిందెతో హాజరైంది.

"ఆర్పేయండి ముందు!"

"వండకపోతే బళ్ళో ఏం తింటావే? సుద్దముక్కలా?"

"పేలిపోయేక తినడానికి నోరెక్కడుంటుందండీ?"

"పేలిపోతే ఆకలుండదు. పేలకపోతే ఉంటుంది. నేను పేలని లెక్కన వండుతున్నాను. నువ్వు తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. ఆయన వెలిగించడం, ఆవిడ ఆర్పడం. ఇరవై ఏళ్ళ కాపురంలో చెప్పుకోనివన్నీ ఆ గుండిగ చుట్టూ చెప్పుకున్నారు. బియ్యం మాత్రం నానాయి.

ఇలా కాదని ఎవరో వెళ్ళి మోషే మాస్టారిని పిలుచుకొచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చి పెద్ద, రూతు టీచరుకి మేనమామ. ఊళ్ళో నిదానం అన్నమాటకి రూపం ఆయన. ముందు రేడియో పెట్టించాడు. రేడియో వాతావరణం పొడిగా ఉంటుందని చెప్పింది. "ఆ ఏడు కూడా ఇలాగే చెప్పిందా?" అని ఎవరో అడిగితే, ఆ ఏడు రేడియో ఏం చెప్పిందో ఎవరికీ గుర్తులేదు, బ్యాటరీలు అయిపోయాయన్నది మాత్రం అందరికీ గుర్తుంది. మాస్టారు ఫోటో తీసుకుని కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. చూస్తే ఆయనకీ ఎక్కడో చూసిన మబ్బులాగే అనిపించింది. దాంతో ఆయన నిదానం కాస్త సడలింది. చర్చి మైకు దగ్గరికి నడిచాడు.

"గ్రామస్తులందరికీ మనవి. తుఫాను అయ్యేపక్షంలో అందరూ బళ్ళోకి రావలెను. గ్యాసు అయ్యేపక్షంలో బళ్ళోకి రాకుండా దూరంగా చేలల్లోకి పోవలెను. ఏది అయ్యేదీ తేలగానే మళ్ళీ తెలియజేస్తాము. అంతవరకూ ఎవరూ కంగారుపడవద్దు."

అప్పటిదాకా కంగారుపడనివాళ్ళు కూడా ఆ ఆఖరిమాట విని లేచారు. కొందరు మూటలతో బడివైపు, కొందరు మూటలతో చేలవైపు బయల్దేరి, దారిలో ఒకరికొకరు ఎదురై, మనసు మార్చుకుని వెనక్కి తిరిగారు.

సువర్ణకి ఇవేవీ పట్టలేదు. ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. కొత్తపేట నించి వచ్చే కాలవగట్టు. దానిమీద మోపెడ్. మోపెడ్ మీద కొడుకు. వెనక భారీమనిషి కేశవరావుగారు. ఒకపక్క గాలి, ఒకపక్క మంట. మధ్యలో కాలవ. ఆమె టెలిఫోను బూత్‌కి వెళ్ళి ఎరువుల దుకాణానికి ఫోన్ చేసింది.

"అయ్యా, నేను దుర్గాసాయి వాళ్ళమ్మనండీ. వాళ్ళని బయల్దేరద్దని చెప్పండీ. ఇక్కడ ఆకాశం ఏమీ బాగోలేదండీ."

"ఇప్పుడే బయల్దేరేరండీ, దారిలో రైతుల దగ్గర బాకీలు వసూలు చేసుకుని సాయంత్రానికి అక్కడికొస్తారండీ," అన్నాడు గుమాస్తా. "ఆకాశానికేమైందండీ?"

"చెప్పేది కాదండీ. మీరు కూడా కొట్టు కట్టేసి ఇంటికెళ్ళిపోండి నాయనా. మీకూ పిల్లలుంటారు."

గుమాస్తా నిజంగానే కొట్టు కట్టేశాడు. ఎందుకు కట్టేశావని పక్కకొట్టువాడు అడిగితే చెప్పాడు. పక్కకొట్టువాడు బస్టాండులో చెప్పాడు. మధ్యాహ్నం బస్సు దిగిన కండక్టరు ఊళ్ళో జనాన్ని చూసి, "మీకూ తెలిసిపోయిందాండీ? కొత్తపేటలో కూడా ఇదే చెప్పుకుంటన్నారు. కొట్లు కట్టేస్తన్నారు," అన్నాడు.

"కొత్తపేటలో కూడానా!" అంది సువర్ణ. ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తన భయమే ఊరు తిరిగి, బస్సెక్కి తన దగ్గరికే వచ్చిందని ఆమెకెలా తెలుస్తుంది?

చేలోంచి గంగాధరరావు అన్నానికి వచ్చాడు. అన్నం లేదు. పొయ్యిలో చెరువుంది.

"ఓ బొమ్మ చూసి ఊరంతా ఇదేం గోలే? బుద్ధుండాలి మనిషన్నాక. ఏదీ, ఇలా తే." తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది మన చేనేనా?" అన్నాడు కాస్త నెమ్మదిగా.

"మన చేనేనండీ. అది మన గేదేనండీ. చూడండి, పైకి ఎలా చూస్తోందో."

గంగాధరరావు ఫోటో తిరిగిచ్చేశాడు. కండువా నడుముకి చుట్టి విత్తనాల బస్తాలు అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. "నమ్మి కాదు," అన్నాడు భార్యవైపు చూడకుండా. "ఎలాగూ సర్దాలనుకుంటున్నాను."

ఈ గొడవలో తన ఇంటి అరుగుమీద కదలకుండా కూచున్నవాడు ప్రకాశరావు ఒక్కడే. ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఒకరొకరే ఆయన గుమ్మం ఎక్కుతున్నారు.

"ప్రకాశరావుగారండీ, మీ పాలసీ తుఫానుకి వర్తిస్తుందాండీ, గ్యాసుకి వర్తిస్తుందాండీ?"

"ఆయ్. రెండిటికీ వర్తిస్తుందండి. కూచోండి."

సువర్ణ కూడా వెళ్ళింది. కొడుకు పేరు మీద సంతకం పెట్టింది. పెట్టాక మనసు కుదుటపడకపోగా, కాగితం మీద కొడుకు పేరు, దాని కింద 'మరణానంతరం' అన్నమాట చూసి బావురుమంది. ఇంటికొచ్చి పటాల ముందు నిలబడింది. దీపం పెట్టడానికి లేదు, ఆడవాళ్ళ బిందెలు తిరుగుతున్నాయి. ఉత్త చేతులే జోడించింది. "స్వామీ, కేలండరు రాకపోయినా ఫరవాలేదు. మిల్లుకి పోయినా ఫరవాలేదు, బెల్టుకి దూరంగా కూచుంటాడు. ముందు వాణ్ణి ఇంటికి చేర్చు."

పొద్దు వాలుతుండగా మోపెడ్ ఊరి మొదట్లో ఆగిపోయింది. ఇంక ముందుకి పోవడానికి దారిలేదు, అన్నీ కొబ్బరికాయలే. కేశవరావుగారు దిగి, తెల్లపంచె కుచ్చెళ్ళు సర్దుకుని, తీరిగ్గా చుట్ట వెలిగించాడు.

"ఏంటబ్బాయ్, మీ ఊళ్ళో పండగా? ఖాళీ చేస్తన్నారా?"

"తెలీదండీ. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు బాగానే ఉందండీ."

వీధి మలుపులో సూర్యకాంతం దండు ఎదురైంది. పొద్దుట్నించీ నిప్పు కోసం వెతికి వెతికి ఎర్రబడ్డ కళ్ళకి, తెల్లపంచె పైన ఎర్రగా వెలుగుతున్న చుట్టకొస ఒక్కటే కనపడింది. పంచెలో ఉన్న పెద్దమనిషి కనపడలేదు.

"నిప్పు! అదిగో నిప్పు!"

నాలుగు బిందెలు ఒక్కసారి ఖాళీ అయ్యాయి. కేశవరావుగారు అలాగే నిలబడ్డాడు. చుట్ట నోట్లోనే ఉంది. దాని చివర్నించి నీళ్ళు కారుతున్నాయి. బొడ్డు పైదాకా అంటుకుపోయిన పంచె పట్టుకుని, ఎంతో మర్యాదగా, "నమస్కారమండీ," అన్నాడు.

"కేశవరావుగారూ!" అని దుర్గాసాయి కేక పెట్టాడు. ఆ కేక విని సువర్ణ గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి, తడిసిన పెద్దమనిషిని దాటుకుని వెళ్ళి కొడుకు చేతులు, కాళ్ళు, తల తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు చూసింది ఆయన్ని. కొడుకు బతుకు నిలబెట్టడానికి వచ్చిన మనిషి, నడివీధిలో నీళ్ళోడుతూ.

కాసేపటికి అందరూ బడి అరుగుమీద చేరారు. కేశవరావుగారు గంగాధరరావు పంచె కట్టుకుని కుర్చీలో కూచున్నాడు. మోషే మాస్టారు ఫోటో చూపించి, విషయం చెప్పి, "దీని సంగతేంటి నాయనా?" అన్నాడు. దుర్గాసాయికి ముందు నవ్వొచ్చింది. జనం మొహాలు చూసి మింగేశాడు. జేబులోంచి గాజుముక్క తీసి మాస్టారి కళ్ళజోడుకి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు చూడండి మాస్టారూ."

మాస్టారు చూశాడు. తోట పైన ఆకాశం ఎర్రబడింది. గాజు తీస్తే నీలం. పెడితే ఎరుపు. చెట్ల తలలు మాడడం, మళ్ళీ పచ్చబడడం. గాజు చేతులు మారుతూ ఊరంతా తిరిగింది. సూర్యకాంతం రెండుసార్లు చూసి, "అయితే గ్యాసు లేదా?" అంది కొంచెం నిరాశగా.

"లేదండీ అత్తా."

"మరి గేదె?" అంది సువర్ణ.

"ఫోటోలో పడకుండా పక్కనున్న కొబ్బరిచెట్టుకి పైన పచ్చగడ్డి మోపు కట్టేనమ్మా. దానికేసి చూస్తోంది."

"మబ్బో?" అన్నాడు దొరబాబు. ఆయన గొంతులో లేతకాయల బాధంతా ఉంది.

"అది ఆ రోజుది కాదండీ. ప్రవీణ్ పాత నెగటివులోంచి తీసి కంప్యూటర్లో అతికించేడు."

ఎవరి నెగటివు అంటే దుర్గాసాయికి తెలీదు. రూతు టీచరు మెల్లిగా దగ్గింది. "మావయ్యా, తుఫానునాడు సాయంత్రం నువ్వు డాబా ఎక్కి ఫోటో తీసేవు కదా. కడగమని మా తమ్ముడికిచ్చి మర్చిపోయేవు. అదీ."

అందరూ మాస్టారికేసి చూశారు. తన మబ్బుని తనే పట్టుకుని మైకులో ఊరిని లేపిన మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నేన్చెప్పలా? అదే మబ్బని!" అని పెద్దింట్లమ్మ మామ్మ కర్ర నేలకేసి కొట్టింది. ఆ ఊళ్ళో ఆవేళ నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలీలేదు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. "నీ ఆకాశం నువ్వు పెట్టుకుని మా కాయలు దింపిస్తావేంటయ్యా?" అని ఒకరు. "మా ఇంట్లో ఉడికే కూర ఆర్పించేవు," అని ఒకరు. సువర్ణ లేచి నిలబడింది. నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి.

"వాణ్ణేమీ అనకండీ. వాడు ఫోటో తీసేడు. దాన్ని చూసి భయపడింది నేను. మిమ్మల్నందర్నీ భయపెట్టింది నేను. కాయల పాపం నాదే. వాడి నోటికాడ కూడు కూడా నేనే తన్నేసేను," అంది.

అందరి చూపులూ కేశవరావుగారి మీదికి తిరిగాయి. ఆయన ఫోటో తీసుకుని, ఆరని తల కండువాతో తుడుచుకుంటూ చూశాడు.

"అమ్మా, మీమీద నాకు కోపం లేదు. చాలాకాలమైంది ఇలా తడిసి. ఫోటో బ్రహ్మాండంగా ఉంది, అబద్ధం చెప్పను. కానీ నేనమ్మేది ఎరువండి. ఈ ఆకాశం కింద ఏ రైతన్నా ఎరువు చల్లుతాడా? ఎలాగూ పోయే పంటకి ఎందుకులే అనుకుంటాడు. పొద్దున్నే నా కేలండరు చూసి ఊళ్ళకి ఊళ్ళు కాయలు దింపేసుకుంటే నా కొట్టుకెవరొస్తారు? ఈ ఏడాదికి పసిపాపే వేయిస్తాను."

గంగాధరరావు కొడుకువైపు చూడలేదు. "సోమవారం రాయవరం బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి," అన్నాడు స్తంభంతో. సువర్ణ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెల్టు మళ్ళీ తిరగడం మొదలైంది.

జనం కదలబోతుంటే వెనకనించి ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్రకాశరావు. చంకలో సంచి పొద్దున్నకంటే బాగా లావైంది.

"దుర్గాసాయిగారండీ, ఆ ఫోటో ఓసారి ఇలా ఇస్తారాండీ?"

దుర్గాసాయిని గారు అనడం ఆ ఊళ్ళో అదే మొదలు. ప్రకాశరావు ఫోటోని రెండుచేతులా అందుకుని, దీపం వెలుగుకి పట్టినట్టు ఎత్తి చూశాడు.

"ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో చెప్పులరిగేలా తిరిగేనండి. రేపు ఏమవుతుందో తెలీదు కదండీ అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఒక్కరు కూచోబెట్టలేదండి. ఇవాళ నేను నోరు తెరవలేదు. అంతా ఇదే చెప్పింది." ఆయన కళ్ళు చెమర్చాయి. "అమలాపురంలో మా ఏజెంట్లందరం కలిసి కేలండరు వేయించుకుంటున్నామండి. బొమ్మ కుదరక ఆగేం. కాదనకుండా మాకిచ్చేయాలి మీరు. ఒక్క చిన్న మార్పుతో."

దుర్గాసాయి తల వంచుకునే, "మబ్బు తీయించేయమంటారాండీ?" అన్నాడు.

"అబ్బెబ్బే. ఇంకోటి పెట్టించండి."

కొత్త సంవత్సరానికి దుర్గాసాయికి అమలాపురంలో గది వచ్చింది, ఊళ్ళో ప్రతి ఇంటికీ కేలండరు వచ్చింది. సువర్ణ తమ దాన్ని వంటింట్లో మేకుకి తగిలించింది, తారీకులు కనపడేలా, ఆకాశం వెనక్కి మడిచి.